ఎవరి వంతులోంచి పొదుపు?

హంగులు లేకుండా ఇల్లు నడపాలని, ఉన్నంతలో పొదుపుగా బతకాలని, పిల్లలకు నాలుగు మంచి పద్యాలు నోటికి రావాలని కోరుకునే దంపతులు మన నగరాల్లో ఉన్నారు. ఆ బతుకును నిజంగా బతికిన పెద్దవాళ్లు మాత్రం దాన్ని అంత తేలిగ్గా మెచ్చుకోరు. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడమే ఈ సంవాదం పని. మేనకోడలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది, ఇద్దరు పిల్లల తల్లి. మేనత్త తెనాలిలో పెద్ద ఉమ్మడి కుటుంబానికి వండి పెట్టిన మనిషి. పాత్రలు కల్పితం. వాదన మాత్రం మన ఇళ్లలోదే.

మేనకోడలు: అత్తయ్యా, మేమొక నిర్ణయానికి వచ్చాం. మా ఇద్దరి జీతాల్లో ఒక్క జీతంతోనే ఇల్లు గడుపుతాం. బయటి నుంచి తిండి తెప్పించుకోవడం మానేశాం. సరుకులు జాబితా రాసుకుని నెలకోసారి తెచ్చుకుంటున్నాం. పాత చీరలతో బొంతలు కుట్టిస్తున్నాను. సాయంత్రం టీవీ కట్టేసి పిల్లలచేత పద్యాలు చదివిస్తున్నాను. చిన్నప్పుడు వేసవి సెలవులకు మీ ఇంటికొచ్చి చూసిన జీవితమే మాకూ కావాలనిపించింది.

అత్తయ్య: సెలవులకు వచ్చి చూశావు. చిక్కంతా అక్కడే ఉంది. సెలవులకు వచ్చినవాళ్లకు ఆవకాయ జాడీ కనిపిస్తుంది. కాయలు కడిగి తుడిచి, ముక్కలు కొట్టి, జీడి తీసి, ఆవాలు ఎండబెట్టి దంచి, మూడో రోజు మళ్లీ తిరగకలిపిన చేతులు కనిపించవు. ఆ చేతులు రాత్రంతా ఎలా మండేవో అసలే కనిపించదు. నువ్వు ముచ్చటపడుతున్న బతుకులోంచి నా కూతుళ్లు బయటపడాలని నేను మొక్కుకున్నాను.

మేనకోడలు: కష్టం లేదని నేననడం లేదు. కానీ ఆ ఇంట్లో అప్పు లేదు కదా. మా ఇంట్లో జీతం వచ్చిన వారానికే సగం వాయిదాలకు పోతుంది. ఉద్యోగం పోతే ఏమిటన్న భయంతో పై అధికారి ఏమన్నా నోరు మూసుకుని పడుండాలి. నెల ఖర్చు తగ్గించుకుంటే ఆ భయం తగ్గుతుంది. నచ్చని ఉద్యోగాన్ని వదిలే ధైర్యం వస్తుంది. నాకు పొదుపంటే స్వేచ్ఛ.

అత్తయ్య: మిగిలిన డబ్బు నీ చేతిలో ఉంటుంది కాబట్టి నీకది స్వేచ్ఛ. మిగిల్చింది నేను, ఎలా ఖర్చు పెట్టాలో తేల్చింది మీ మామయ్యగారి నాన్నగారు. బీరకాయ పొట్టు పారేయకుండా పచ్చడి చేసి, విరిగిన పాలను పడేయకుండా కోవా చేసి, పులిసిన పెరుగుతో మజ్జిగ పులుసు పెట్టి నేను రూపాయి రూపాయి ఆదా చేస్తే, ఆ డబ్బంతా ఒక పెళ్లిలో విందుకు పోయేది. ఆ పెళ్లిలో నేనొక పట్టుచీర అడిగితే ఖర్చు మనిషినన్నారు.

మేనకోడలు: అయినా మీ దగ్గర పోపులడబ్బా డబ్బులుండేవని అమ్మ చెప్పేది.

అత్తయ్య: ఉండేవి. అవి ఎందుకుండేవో ఆలోచించావా? అడిగి తీసుకునే హక్కు లేనివాళ్లే దాచుకుంటారు. 2016 నవంబరు 8 రాత్రి ఐదువందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు చూడు, ఆ తర్వాత నాలాంటి ఆడవాళ్లు ఎంతమందో ఆవాల డబ్బాల్లోంచి, చీరల మడతల్లోంచి నోట్లు తీసి భర్తల ముందు పెట్టాల్సి వచ్చింది. మా ఇంట్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న: ‘ఇంత డబ్బు నీకెక్కడిది?’ ఆ ఇంటి తిండీ బట్టా నా చేతి పొదుపు మీద నడిచాయి. ఆ రోజు మాత్రం నేను దొంగలా నిలబడ్డాను. అందుకే ఎవరైనా పొదుపును పొగిడితే నేనొకటే అడుగుతాను. అది ఎవరి వంతులోంచి తీసింది?

మేనకోడలు: ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. మా ఇంట్లో డబ్బు ఇద్దరి పేరా ఉంది కదా అనుకున్నాను.

అత్తయ్య: డబ్బు సంగతి సరే, గంటల సంగతేమిటి? బయటి తిండి మానేశామన్నావు. ఆ వంట ఎవరు చేస్తున్నారు?

మేనకోడలు: ఎక్కువగా నేనే. ఆయన కూరలు తరిగి ఇస్తారు.

అత్తయ్య: అదుగో. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. ఆరేళ్లు, ఆపై వయసువాళ్లలో జీతం లేని ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చించారు. మగవాళ్లయితే 97 నిమిషాలు. అదీ ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్ల లెక్క. ఒక రోజులో చెయ్యి పెట్టిన ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. బజారు నుంచి తెచ్చుకునేదాన్ని ఇంట్లో చేసుకోవడం మొదలుపెడితే ఆ 299 పెరుగుతుందా, 97 పెరుగుతుందా? మీ నెల పద్దులో రూపాయలు తగ్గి ఉంటాయి. తగ్గిన ఆ రూపాయలు నీ నిద్రలోంచి వచ్చాయేమో చూసుకో.

మేనకోడలు: మీరు చెప్పింది విన్నాక పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథ గుర్తొస్తోంది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ. పేరు కోసం ఎవరెవరినో అడుగుతుంది. ఎవరికీ తెలియదు. చివరికి పాత స్నేహితురాలు చెబితే తెలుస్తుంది.

అత్తయ్య: ఆ కథ నేను నిలబడే చదివాను, పొయ్యి దగ్గర. ఏ డబ్బాలో ఏముందో, ఎవరికి ఏ పచ్చడి పడదో, పాలవాడికి ఎంత బాకీనో అన్నీ గుర్తుపెట్టుకునే మనిషికి తన పేరే గుర్తులేదు. ఇంటి కోసం జ్ఞాపకం మొత్తం ఖర్చయిపోయింది. నిరాడంబర జీవితం అని మీరు పొగిడేదానికి అంత ఖరీదు ఉంది.

మేనకోడలు: ఒప్పుకుంటున్నాను. కానీ అత్తయ్యా, దానికి మందు దుబారా కాదు కదా. పని అంతా ఒకరి నెత్తిన పడటం తప్పు. ఇల్లు పొదుపుగా నడవడం తప్పు కాదు.

అత్తయ్య: అయితే పొదుపంటే ఏమిటో కూడా సరిగ్గా నేర్చుకో. ఆ బొంతలు కుట్టించడానికి ఎంత ఇచ్చావు?

మేనకోడలు: కొత్త దుప్పట్ల ధర కంటే కాస్త ఎక్కువే అయింది.

అత్తయ్య: పొదుపు కనిపించాలన్న సరదా అది. బొంత మాకు చలికి కప్పుకునే బట్ట. చిరిగిన చీరలు, తీరిక దొరికిన మధ్యాహ్నం, ఒక సూది, అంతే. నిజమైన పొదుపు ఋతువును తెలుసుకోవడంలో ఉంది. కొత్త చింతపండు చలి తగ్గాక బజారుకొస్తుంది. అప్పుడు ఏడాదికి సరిపడా కొని, గింజలూ ఈనెలూ తీసి, ఎండబెట్టి, ఉప్పు కలిపి జాడీకెత్తాలి. కందిపప్పు సంక్రాంతి దాటాక. మిరపకాయలు గుంటూరు యార్డుకు వరసగా వచ్చే రోజుల్లో. పప్పు నానబెట్టి వండితే గ్యాసు కలిసొస్తుంది. ఇవి తెలివితో చేసే పనులు. వీటికన్నా పెద్దది ఇంకోటుంది. పెద్ద ఖర్చు దగ్గర ఎవరూ పొదుపు మాట ఎత్తరు. ఓణీల వేడుకకు ఫంక్షన్ హాలు, అవసరానికి మించిన కారు, చుట్టాల ముందు చిన్నబోకూడదని పెట్టే విందు. అక్కడ లక్షలు పోతాయి. ఆ లోటును కూరగాయల సంచిలో వెతుకుతారు. ఆ సంచి ఆడదాని చేతిలో ఉంటుంది.

మేనకోడలు: మా కారు వాయిదా ఇంటి కిరాణా ఖర్చుకు రెట్టింపు. నిర్ణయం తీసుకునేటప్పుడు దాని ఊసే మేం ఎత్తలేదు.

అత్తయ్య: ముందు అది ఎత్తండి. తర్వాత బీరపొట్టు సంగతి చూడవచ్చు.

మేనకోడలు: సరే. ఇక పద్యాల సంగతి. దానికీ మీ ఆశీస్సు లేదా?

అత్తయ్య: దానికి అసలే లేదు. నాకు నోటికి వచ్చినవాటిలో ఏమున్నాయో తెలుసా? సుమతి శతకంలో మంచి పద్యాలు చాలా ఉన్నాయి. ఆడదాని విశ్వాసాన్ని పాముల స్నేహం పక్కన పెట్టిన పద్యమూ ఉంది. అన్నీ ఒక్కలాగే అప్పజెప్పించారు. ఇల్లాలికి ఆరు గుణాలు చెప్పే సంస్కృత శ్లోకం ఉంది కదా. పనుల్లో దాసి, ఆలోచనలో మంత్రి, అన్నం పెట్టేటప్పుడు తల్లి, అలా సాగుతుంది. పెళ్లికి ముందే నాకది నోటికి పట్టించారు. అత్తారింట్లో దాసి అన్న మాట అందరికీ గుర్తుండేది, మంత్రి అన్న మాట ఒక్కరికీ గుర్తుండేది కాదు. అర్థం ఆలోచించే వయసు రాకముందే నోట్లో పోస్తే పిల్లల మీద పెద్దల పెత్తనం తప్ప అందులో చదువేముంది? పైగా ఇప్పుడు ఏ పద్యం కావాలన్నా ఫోన్‌లో క్షణంలో దొరుకుతుంది.

మేనకోడలు: ఫోన్ మనం అడిగింది చూపిస్తుంది. మనం అడగకుండానే, అవసరమైన గడియలో తనంతట తాను గుర్తొచ్చేది నోటికి వచ్చిన పద్యమే. ఇక వల్లె వేయడం వేరు, అప్పజెప్పడం వేరు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు కొన్ని పాఠ్యభాగాలిచ్చి పరీక్షించారు. కొందరిచేత మళ్లీ మళ్లీ చదివించారు. కొందరిచేత చూడకుండా గుర్తుచేసుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే గుర్తుచేసుకున్నవాళ్లకే ఎక్కువ నిలిచింది. పుస్తకం మూసి పంతులుగారి ముందు నిలబడి అప్పజెప్పడం అంటే అదేగా. మన బడి ఆ పద్ధతిని ఎప్పటి నుంచో వాడుతోంది.

అత్తయ్య: గుర్తుండటం ఒక్కటే గొప్పయితే బెత్తం దెబ్బలు కూడా గుర్తుంటాయి.

మేనకోడలు: బెత్తం తీసేద్దాం. పద్యం మాత్రం గుర్తుండటానికే కట్టింది అత్తయ్యా. కందపద్యంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒకటే, ప్రాస. ఒక పాదం మరిచిపోతే ఆ రెండో అక్షరం పట్టుకుని లాగవచ్చు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలలో 21, పదకొండో అక్షరం దగ్గర. ఎక్కడైనా ఒక మాట జారిపోతే నడక తప్పి చెవికే తెలిసిపోతుంది. అచ్చు పుస్తకం కొనలేనివాళ్లు, అక్షరం రానివాళ్లు కూడా దాచుకోగలిగిన సంపద ఇది. పల్లెల్లో బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటకం రాత్రంతా చూసి, తెల్లారి పొలంలో ఆ పద్యాలు ఎత్తుకున్న కూలీలు ఎంతమందో. అందులో కాటి సీన్లో జాషువా పద్యాలు కలిపి పాడేవారు. ఊరు ఏ కులాన్ని దూరం పెట్టిందో ఆ కులంలో పుట్టిన కవి మాటలను ఆ ఊరే కంఠస్థం చేసింది. 1941లో ఆయన ‘గబ్బిలం’ రాశాడు. దాన్ని నోటికి నేర్చుకున్నవాడు అంటరానితనాన్ని ప్రశ్నించడమూ దాంతోపాటే నేర్చుకుంటాడు. కంఠస్థం పెత్తనానికే పనికొస్తుందనడం న్యాయం కాదు.

అత్తయ్య: జాషువా మాట కాదనలేను. ఇంకో మాట కూడా దాచను. మీ మామయ్య ఆసుపత్రిలో ఉన్న రాత్రుల్లో నాకు తోడు ‘గజేంద్రమోక్షం’. పోతన భాగవతంలో ఎనిమిదో స్కంధం. ఏనుగు ముందే దేవుణ్ణి నమ్మేసిందనుకుంటారు అందరూ. అది మొరపెట్టుకుంటూనే అనుమానిస్తుంది. దీనులపట్ల ఉంటాడంటున్నారే, అసలు ఉన్నాడో లేడో అంటుంది. చిన్నప్పుడు ఆ పద్యం గడగడా చెప్పి మెప్పు పొందాను. అందులో అంత అనుమానం, అంత ఒంటరితనం ఉన్నాయని ఆసుపత్రి వరండాలో తెలిసింది. నా మనసులో ఉన్నదే అంత పెద్ద కవి రాసిపెట్టాడని ధైర్యం వచ్చింది.

మేనకోడలు: నేననేదీ అదే. అర్థం అయ్యాకే నేర్వాలంటే ఆ పద్యం మీకు ఆ రోజు దగ్గర ఉండేది కాదు. చిన్నప్పుడు నేర్చిన పద్యం మన వయసు కోసం ఎదురుచూస్తుంది.

అత్తయ్య: మంచి పద్యం ఎదురుచూస్తే చెడ్డ పద్యమూ ఎదురుచూస్తుంది. పాముల పక్కన ఆడదాన్ని పెట్టిన పద్యం కూడా నాలో అలాగే ఉండిపోయింది. నా కోడలు ఆలస్యంగా ఇంటికొచ్చిన రోజున, నేను పిలవకుండానే, నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. నీ పిల్లల నోట్లో ఏం పోస్తున్నావో చూసుకోమని అందుకే అంటున్నాను.

మేనకోడలు: చూసుకుంటాను. ఏది నేర్పాలో ముందు ఎంచుకోవాలి, తర్వాత అర్థం చెప్పాలి, ఆ అర్థంతో వాదించే హక్కు పిల్లలకివ్వాలి. ఈ మూడూ ఉంటే ఒప్పుకుంటారా?

అత్తయ్య: సగం ఒప్పుకుంటాను. నువ్వు పొదుపునూ పద్యాన్నీ ఒకే గాటన ఎందుకు కట్టావో ఇంకా చెప్పలేదు.

మేనకోడలు: నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుందా? అక్కడి ఆడవాళ్లు అక్షరాస్యత తరగతులకు వెళ్లేవాళ్లు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం. సారాకు భర్త సంపాదన తగలేస్తుంటే ఆడవాళ్లంతా కలిసి కొట్టు మూయించిన కథ. ఆ పాఠం వాళ్లకు పాఠంగా మిగల్లేదు. తమ ఊళ్లోనే చేసి చూపించారు. 1992 నాటికి ఉద్యమం జిల్లా అంతటా, తర్వాత రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లా ఆడవాళ్లే తర్వాత రోజుకో రూపాయి చొప్పున పొదుపు సంఘాలు కట్టారు. ఒక పాఠం మనసుకు పట్టడం, డబ్బు ఆదా కావడం రెండూ అక్కడ ఒకే పనిగా జరిగాయి.

అత్తయ్య: ఆ ఉద్యమం గొప్పతనం నువ్వు చెప్పిన చోట లేదమ్మాయ్, దాని పక్కనే ఉంది. ఆ ఆడవాళ్లు తమ కంచంలో అన్నం తగ్గించుకుని పొదుపు మొదలుపెట్టలేదు. సారా కొట్టు దగ్గర మొదలుపెట్టారు. ఇంటి డబ్బు ఎక్కడ చిల్లుపడి కారుతోందో ఆ చిల్లును మూశారు. మా ఇంట్లో ఆ పని చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నన్ను మాత్రం బీరపొట్టు పారేయొద్దన్నారు.

మేనకోడలు: అంటే వాళ్ల పొదుపు సరైన వంతులోంచి తీసింది.

అత్తయ్య: అవును. వాళ్ల చదువూ అంతే. ఎవరో అప్పజెప్పమంటే అప్పజెప్పిన పాఠం కాదది. తమ బతుకుతో సరిపోల్చి చూసుకున్న పాఠం. ఇప్పుడు నువ్వు రెంటినీ ఒకే గాటన కట్టవచ్చు, నేను కాదనను. కానీ షరతులున్నాయి.

మేనకోడలు: చెప్పండి, రాసుకుంటాను.

అత్తయ్య: నెల పద్దు ఒక పుస్తకంలో రాయండి. అది అందరికీ కనిపించే చోట ఉండాలి, పిల్లలు కూడా చూడాలి. కోత ఎప్పుడూ పెద్ద ఖర్చు దగ్గర మొదలవ్వాలి. మీ ఇంట్లో అది కారు, ఆ తర్వాత ఫంక్షన్లు. ఇంట్లో చేసుకోవాలనుకున్న ప్రతి వస్తువుకూ పక్కన గంటలు కూడా రాయండి, అవి ఎవరి గంటలో పేరు పెట్టి మరీ. నీ పేరే వరసగా కనిపిస్తే ఆ వస్తువు బజారులో కొనండి, లేదా పని మీ ఆయన చెయ్యాలి. చివర వడ్డించుకునే మనిషికి మిగిలింది చాలని ఎవరూ అనకూడదు. మిగిలిన డబ్బులో నీ పేర నీ ఖాతాలో కొంత వెళ్లాలి, అడిగి తీసుకునేదిగా కాదు. నేను పోపులడబ్బాలో దాచుకున్నది నువ్వు పట్టపగలు దాచుకోవాలి.

మేనకోడలు: పద్యాలకు షరతులు?

అత్తయ్య: పిల్లలతోపాటు పెద్దలూ నేర్వాలి. మీ ఆయన కూడా పుస్తకం మూసి పిల్లల ముందు అప్పజెప్పాలి. తప్పు పోతే వాళ్లు సరిదిద్దాలి. పిల్లలకు ఒక పద్యం నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పనివ్వాలి. చుట్టాలొచ్చినప్పుడు వాళ్లను నిలబెట్టి చదివించకూడదు. నన్ను అలా నిలబెట్టేవారు. ఆ చప్పట్లకు అలవాటుపడి, అర్థం అడగాలన్న ఆలోచన కూడా నాకు చాలాకాలం రాలేదు. రోజుకో పద్యం అక్కర్లేదు, పక్షానికి ఒకటి చాలు. దానికి చేరువైన ఒక కథ, ఒక వార్త, ఇంట్లో జరిగిన ఒక సంగతి పక్కన పెట్టి మాట్లాడుకోండి.

మేనకోడలు: ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. ఇల్లాలి ఆరు గుణాల శ్లోకాన్ని మా అమ్మాయికి నేర్పకూడదని మీరంటారు.

అత్తయ్య: ముమ్మాటికీ నేర్పకూడదు.

మేనకోడలు: నేర్పాలంటాను. అబ్బాయికి కూడా. ఇది తెలియకపోతే రేపు ఎవరో పెళ్లిలో, ప్రవచనంలో దాన్ని వినిపించి తలలూపించినప్పుడు మా పిల్లలకు జవాబుండదు. నోటికి వస్తే, అందులో దాసి అన్న మాట ఎక్కడుందో, మంత్రి అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలరు. ఈ గుణాలు భర్తకెందుకు చెప్పలేదని అడగగలరు. మిమ్మల్ని కట్టిన తాడు మీ చేతికే తెలుసు అత్తయ్యా, దాని ముడి ఎక్కడుందో మీరే చెప్పగలరు.

అత్తయ్య: నువ్వు చెబితే అది మళ్లీ పాఠమే అవుతుంది. నా బతుకు పక్కన పెట్టి చూస్తేనే వాళ్లకు తెలుస్తుంది. వేసవికి పిల్లల్ని నా దగ్గరికి పంపు. ఆవకాయ పెడదాం. కాయలు కొట్టేది మీ అబ్బాయి, ఆవపిండి దంచేది మీ ఆయన. ఆ శ్లోకమూ నేర్పుతాను. కానీ అర్థం మాత్రం నేనే చెబుతాను.